ఉడికిన పురుగు నడవదు

చెయ్యని నేరం ఒప్పుకునేవాళ్ళని హైమవతి చాలామందినే చూసింది. దెబ్బలకి భయపడి కొందరు, డబ్బుకి ఆశపడి కొందరు. కానీ మనిషిని తానే చంపానని మనస్ఫూర్తిగా నమ్మి, ముందున్న ఇడ్లీ పొట్లం విప్పకుండా, ఎప్పుడెప్పుడు జైల్లో వేస్తారా అని కూర్చున్నవాణ్ణి చూడటం ఇదే మొదలు.

పేరు లక్ష్మయ్య. యాభై రెండేళ్ళు. బహదూర్‌పురాలో పురుగుల గోదాములో పనివాడు. పురుగులంటే పాడైన సరుకుకి పట్టేవి కావు, పనిగట్టుకుని పెంచేవి. ఒక రకం నల్ల ఈగ పిల్లలు. మార్కెట్లో మిగిలిపోయిన కూరగాయలు తిని రెండు వారాల్లో బలుస్తాయి. వాటిని ఎండబెట్టి పొడి చేస్తే చేపల చెరువులకి మేత. సముద్రపు చిన్న చేపల్ని ఎండబెట్టి చెరువు చేపలకి వేసే పద్ధతి ఖరీదైపోయాక, మాంసకృత్తుల కోసం అందరి చూపూ ఈ పురుగు మీద పడింది.

ఆ గోదాములో పురుగుల్ని ఎండబెట్టే గదిలో నిన్న పొద్దున భరద్వాజ్ అనే కుర్రాడు శవమై దొరికాడు. భీమవరం వాడు, ముప్పై ఒక్క ఏళ్ళు, మేత నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. గది తలుపుకి బయటనుంచి గొళ్ళెం పెట్టి ఉంది. సాయంత్రం పెట్టింది లక్ష్మయ్య. పొద్దున తీసిందీ లక్ష్మయ్యే.

ఇవాళ నాలుగింటికి అతన్ని మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్తారు. అక్కడా ఇదే మాట అన్నాడంటే ఇక ఆ మాటని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు టైము పదకొండూ ఇరవై.

"ఇంకోసారి చెప్పు లక్ష్మయ్యా. మొన్న సాయంత్రం ఏం చేశావు? ఒక్కటీ వదలకుండా చెప్పు."

"రోజు చేసిందే చేసిన మేడం." అతను తల ఎత్తలేదు. "నాలుగున్నరకు బకెట్ల పడ్డ పురుగులు కడిగిన. ఉడుకు నీళ్ళల్ల రెండు నిమిషాలు ముంచిన. ట్రేలల్ల పరిచిన. ఇరవై నాలుగు ట్రేలు లోపల పెట్టిన. మిషిన్ వేసిన. గొళ్ళెం పెట్టిన."

"ఎన్ని గంటలకి?"

"ఐదూ నలభై. ఐదూ యాభైకి ఎనకగేటుకు తాళం వేసి పోయిన."

"గొళ్ళెం పెట్టేముందు లోపలికి చూశావా?"

లక్ష్మయ్య మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "చూడలే మేడం. మూడేండ్లకెళ్ళి పెడుతున్న, ఎన్నడన్న చూసిన్నా? ఆయన నమూనా కోసమని ట్రేల ఎనక నిలబడ్డడో ఏమో. నేను పెడేల్మని తలుపేసిన. పాపం ఆయనకు చిన్న బిడ్డ ఉందంట."

బయట స్టేషన్ వరండాలో అతని భార్య పుష్పమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. అఫ్జల్‌గంజ్ మేడమీద హైమవతి డిటెక్టివ్ ఆఫీసు ఊడ్చేది ఆవిడే. పొద్దున చీపురు ముట్టుకోకుండా వచ్చి గుమ్మంలో నిలబడి, "మా ఆయన అబద్ధమాడడమ్మా, గదే మా ఖర్మ," అంది. అంతకంటే ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లే హైమవతి చెప్పులేసుకుంది.

"చేపల మేడం వచ్చిన్రా?"

గుమ్మంలో సీఐ ప్రేమ్‌రాజ్. ఇస్త్రీ నలగని యూనిఫారం, నోట్లో సోంపు. హైమవతి పద్దెనిమిదేళ్ళు మత్స్యశాఖలో మేత తనిఖీ చేసి, పైవాళ్ళతో పడక రాజీనామా మొహాన కొట్టి వచ్చిన మనిషి. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ అతను ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం మానేశాడు. పోయినేడాది అతను మూసేసిన ఓ కేసుని ఆవిడ మళ్ళీ తెరిపించింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"లొల్లి లేని కేసు మేడం ఇది. ఆయనే ఒప్పుకుంటున్నడు. మీరు ఒద్దని ఎందుకు చెప్పుడు?"

"నేను వద్దనలేదయ్యా. భరద్వాజ్ గోదాముకి ఎన్నింటికి వచ్చాడు? అది చెప్పు చాలు."

"నాలుగూ యాభైకి అఫ్జల్‌గంజ్‌ల ఉండి భార్యకు ఫోన్ చేసిండు, బహదూర్‌పురా పోతున్న అని. అంటే ఐదుంపావుకల్ల వచ్చుంటడు."

"వచ్చుంటాడు అన్నది నీ లెక్క. చూసినవాళ్ళు?"

ప్రేమ్‌రాజ్ సోంపు నమలడం ఆపాడు. "బండి ముందటిగేటు కాడ ఉన్నది. ఈయన ఎనకగేటు నుంచి పోయిండు, చూడలే. గంతే."

"ముందుగేటు దగ్గర కెమెరా ఉండాలి కదా?"

"నెల కింద తీసేసిన్రంట. ఖరాబైందని."

"మనిషి చచ్చిన గదిని నువ్వెంతసేపు చూశావు ప్రేమ్‌రాజ్?"

"ఏంది మేడం, నా పని నాకు నేర్పుతరా?" గొంతు పెరిగింది. "ఆ వాసనల గంటసేపు ఉన్న. పంచనామా రాసిన. ట్రేలు సుత లెక్కపెట్టిన, ఇరవై నాలుగు."

"ట్రేలు లెక్కపెట్టావు సరే. వాటిల్లో ఏముందో చూశావా?"

హైమవతి లేచి చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "ఒక గంట ఇయ్యి. నువ్వూ రా. నేను తప్పయితే నీ స్టేషన్ గుమ్మం మళ్ళీ తొక్కను."

ఆ బేరం ప్రేమ్‌రాజ్‌కి నచ్చింది. జీపు తాళాలు తీశాడు.

పన్నెండూ ఐదుకి గోదాము చేరారు. అక్షయ్ గేటు దగ్గరే ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు. ఈ గోదాము పెట్టింది అతను, పెట్టుబడి తండ్రి సీతారాంది. సీతారాం అఫ్జల్‌గంజ్‌లో నూనెచెక్కల టోకు వ్యాపారి. తాతల నాటి దుకాణం.

"పోలీసోళ్ళకు అంతా చెప్పిన మేడం. మళ్ళ ఏంది? మా బ్యాచ్ మొత్తం ఆగిపోయింది," అన్నాడు అక్షయ్.

"మొన్న సాయంత్రం నువ్వెక్కడున్నావు?"

"ఎయిర్‌పోర్ట్ పోయిన. కొనేటాయన విజయవాడ నుంచి వస్తుండె, ఎనిమిదీ పదికి ఫ్లైట్. టోల్ రసీదు ఉంది. ఏడూ ఇరవై రెండు."

అడక్కుండానే నిమిషాలతో సహా చెప్పాడు. హైమవతి తలూపి లోపలికి నడిచింది.

గోదాములో ఒకవైపు పురుగుల తొట్లు. పురుగు బలిసి నల్లబడగానే తిండి మానేసి, తడి వదిలి పొడి చోటు వెతుక్కుంటూ తొట్టి వాలు మీదుగా పైకి పాకుతుంది. పైన గొట్టంలో పడి బకెట్‌లోకి జారుతుంది. పట్టేవాడి అవసరం లేకుండా తనంతట తనే వచ్చి చేతికి చిక్కే పంట. బకెట్‌లో పడ్డాక కదలికా మెదలికా లేకుండా చింతగింజల్లా పడి ఉంటాయి.

రెండోవైపు ఎండబెట్టే గది. మనిషి నిలబడేంత ఇనప గది, తలుపు చుట్టూ రబ్బరు అంచు, లోపల వేడిగాలి తోసే ఫ్యాను. ట్రేల చట్రానికీ తలుపుకీ మధ్య మనిషి ఇరుక్కుని పడుకునేంత జాగా ఉంది. భరద్వాజ్ అక్కడే, తలుపుకేసి మొహం పెట్టి దొరికాడు. తల వెనక చిన్న గాయం. పడిపోయినప్పుడు చట్రానికి తగిలిందని ప్రేమ్‌రాజ్ రాశాడు.

హైమవతి తలుపు బయట కూర్చుని గోడ వంక చూసింది. సుద్దముక్కతో రాసిన అంకెలు వరసగా ఉన్నాయి.

"ఇవేమిటి?"

"లక్ష్మయ్య రాస్తడు. మిషిన్ మీటర్ రీడింగ్. అది ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తది," అన్నాడు అక్షయ్.

"రోజూ ఎన్ని గంటలు?"

"ఐదు. టైమర్ ఉంది. ఐదు గంటలు కాంగనే అదే బందైతది."

సుద్ద అంకెలన్నీ ఐదేసి గంటలు పెరుగుతూ వచ్చాయి. చివరిది మొన్న సాయంత్రం యంత్రం వేసే ముందు రాసింది, పద్నాలుగు వందల పన్నెండు గంటల పది నిమిషాలు. హైమవతి లేచి మీటరు చూసింది. పద్నాలుగు వందల పద్దెనిమిది గంటల ముప్పై నిమిషాలు.

"లెక్క చెయ్యి ప్రేమ్‌రాజ్."

అతను వేళ్ళు మడిచాడు. "ఆరు గంటల ఇరవై నిమిషాలు నడిచింది."

"గంటా ఇరవై ఎక్కువ. మధ్యలో ఆపి మళ్ళీ వేస్తే టైమర్ ఏం చేస్తుంది అక్షయ్?"

అక్షయ్ పెదవులు తడుపుకున్నాడు. "మొదటి నుంచి లెక్కపెడతది."

"ఐదూ నలభైకి లక్ష్మయ్య వేశాడు. గంటా ఇరవై నడిచింది. ఏడింటికి ఎవరో ఆపారు. తర్వాత మళ్ళీ వేశారు, ఐదు గంటలు పూర్తిగా నడిచింది. ఏడింటికి లక్ష్మయ్య ఎక్కడున్నాడు?"

"వాడల భజనకు పోయిండు. పది మంది చూసిన్రు," అన్నాడు ప్రేమ్‌రాజ్ అయిష్టంగా. వెంటనే తేరుకున్నాడు. "కరెంటు పోయి వచ్చుంటది మేడం! గదే ఆగి గదే నడిచుంటది. బస్తీల కరెంటు పోవుడు కొత్తనా?"

మాట బాగుంది. హైమవతి మనసులో మెచ్చుకుంది కూడా. టార్చి తీసి గదిలోకి దూరింది. మాడిన పల్లీల వాసన, దాని కింద ఇంకోటి, పేరు పెట్టడం ఇష్టంలేని వాసన. ఈ నాలుగు గోడల మధ్య ఒక మనిషి చచ్చిపోయాడన్న మాట అప్పుడు తగిలింది ఆవిడకి.

ట్రేలు ఒక్కొక్కటే లాగింది. ఇరవై రెండింట్లో పురుగులు పరిచినవి పరిచినట్టే ఎండి ఉన్నాయి. కింది రెండు దాదాపు ఖాళీ. అడుగున గుప్పెడేసి మిగిలాయి.

"ఈ రెండు ట్రేలలో సరుకేది?"

"గింజుకున్నడు గద మేడం, తన్నిండు. ఎగిరి పడ్డై. చూడుండ్రి, గోడలకు సుత అంటుకున్నై."

"తంతే కింద పడతాయి ప్రేమ్‌రాజ్. పైకి చూడు."

టార్చి వెలుగు గోడ మూల వెంట పైకి పాకింది. మూల పొడవునా పురుగులు, ఒకదాని వెనక ఒకటి, తలలు పైకి పెట్టి ఎండిపోయి ఉన్నాయి. గదికప్పు మీద గుంపుగా ఉన్నాయి. ఫ్యాను జల్లెడలో ఇరుక్కుని ఉన్నాయి. తలుపు రబ్బరు అంచులో దూరడానికి చూసి అక్కడే బిగుసుకుని ఉన్నాయి.

"ఇవి ఎగిరి పడ్డవి కావు, నడిచి వెళ్ళినవి. వేడికి తట్టుకోలేక పారిపోయినవి. లక్ష్మయ్య ఏం చేస్తాడన్నాడు? ట్రేలలో పరిచేముందు ఉడుకు నీళ్ళలో ముంచుతాడు. ఉడికిన పురుగు నడుస్తుందా?"

ప్రేమ్‌రాజ్ తలెత్తి కప్పు మీది గుంపుని చూశాడు.

"ఈ ఇరవై రెండు ట్రేలూ లక్ష్మయ్యవి. ఈ రెండూ వేరే చేతివి. గదిలోకి ఒక మనిషిని ఈడ్చినప్పుడు కింది రెండు ట్రేలూ బోర్లా పడ్డాయి. ఆ చెయ్యి వాటిని ఊడ్చి పారేసి, బకెట్‌లో ఉన్న పురుగుల్ని ఉన్నవి ఉన్నట్టు తెచ్చి నింపింది, పొద్దున లెక్క తేడా రాకూడదని. కడిగిన నీళ్ళు పోయే కాలవ జల్లెడ తీసి చూడు."

ప్రేమ్‌రాజ్ స్వయంగా వంగాడు. నేల మీది జల్లెడ కింద దోసెడు పురుగులు, ఉడికి కొయ్యబారినవి. అతను కాసేపు అలాగే వంగి ఉండి, లేచి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "రైటర్ సాబ్, లక్ష్మయ్యని కోర్టుకు పంపకుండ్రి. నేను చెప్పేదాంక ఆపుండ్రి. వాళ్ళావిడకి ఛాయ్ ఇప్పియ్యిండ్రి." ఫోన్ పెట్టేసి హైమవతి వైపు చూడకుండా అన్నాడు. "గింత చిన్నది నేను చూడలే మేడం."

ఆ మాట అనడానికి అతనికెంత ఖర్చయిందో ఆవిడకి తెలుసు. దెప్పలేదు.

మూలన కట్టిన బస్తాలున్నాయి. హైమవతి ఒకదాని మూతి విప్పి, చిటికెడు పొడి నాలిక మీద వేసుకుంది. ప్రేమ్‌రాజ్ "ఛీ" అన్నాడు. నాలిక మీద పొడి చల్లగా, చప్పరించేకొద్దీ ఉప్పగా, చేదుగా తగిలింది. ఆవిడ బయటికి ఉమ్మేసింది.

"యూరియా. నాలికకి చల్లగా తగులుతుంది, మేత తనిఖీలో మొదట నేర్పేది ఇదే. పరీక్షలో నిజంగా కొలిచేది మాంసకృత్తుల్ని కాదు, నత్రజనిని. అందులోంచి లెక్క కడతారు. యూరియా కలిపితే నత్రజని పెరుగుతుంది, కాగితం మీద అంకె ఎగిరి కూర్చుంటుంది. చెరువులో చేప మాత్రం చస్తుంది. ఎంత చూపించావు అక్షయ్?"

"అరవై నాలుగు శాతం," అన్నాడు అక్షయ్, నేల చూస్తూ. "నలభై రెండు వస్తుండె మేడం. సోయా చెక్క అంతకంటె చవక. నలభై రెండుకు ఎవ్వడూ కొంటలేడు."

"అది పట్టుకునే భరద్వాజ్ వచ్చాడు. యూరియా బస్తాలు కనబడకూడదనే నెల కిందట కెమెరా పోయింది. ఈ గోదాముకి తాళంచెవులు ఎన్ని?"

"మూడు."

"లక్ష్మయ్య దగ్గరొకటి, నీ దగ్గరొకటి. మూడోది?"

అక్షయ్ జేబులో తన తాళంచెవి తడుముకున్నాడు.

"నువ్వయితే బకెట్‌లోంచి నేరుగా ట్రేలలో వెయ్యవు. ఈ పద్ధతంతా పెట్టిందే నువ్వు. వేసినవాడికి ఉడకబెట్టడమనేది ఒకటుందనే తెలియదు. మీ నాన్నగారికి ఈ పురుగులు ఎలా చస్తాయని చెప్పావు?"

అదే క్షణంలో ముందుగదిలోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. సీతారాం వచ్చాడు.

అరవై రెండేళ్ళ మనిషి, తెల్ల పంచె, తెల్ల చొక్కా, చిన్నప్పుడు మూటలు మోసిన భుజాలు. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నాడు తప్ప లోపలికి రాలేదు, ముగ్గురూ ఆయన దగ్గరికే వెళ్ళారు. ఈ మూడేళ్ళలో ఆ గది దాటి ఆయన లోపల అడుగుపెట్టింది ఎవరూ చూడలేదట.

"కూసోండ్రి అమ్మా. మంచినీళ్ళు తాగుతరా?"

"వద్దండీ. మీరు లోపలికి ఎందుకు రారు?"

"మా ఇంట్ల నాలుగు తరాల నుంచి ప్రాణం తీసే వ్యాపారం చెయ్యలే అమ్మా. చీమల మందు సుత దుకాణంల పెట్టం. వీడు పురుగుల యాపారం అన్నప్పుడు నేను వద్దన్న. వాళ్ళమ్మ విమల మూడు దినాలు అన్నం ముట్టలే. వీడు అన్నీ చెప్పి ఒప్పిచ్చిండు."

"ఏం చెప్పి ఒప్పించాడు?"

"వాటి ఆయుష్షు పదైదు దినాలేనంట. నల్లగైనంక వాటంతట అవే పోతయంట. పోయినంక ఎండబెడతరు. గందుల పాపం ఏముంది?" ఆయన కొడుకు వైపు తిరిగాడు. "గంతేకద బేటా?"

అక్షయ్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

హైమవతికి ఆ ముసలాయన మీద జాలి కలిగింది, ఆ జాలి మీద కోపమూ వచ్చింది. మెల్లగానే చెప్పింది. "నల్లబడ్డాక అవి చావవండీ. కదలకుండా ఉంటాయి అంతే. గూడు కట్టుకునే ముందు అలా ఉంటాయి. ఇక్కడ రోజూ వాటిని సలసలా కాగే నీళ్ళలో ముంచి చంపుతారు. మూడేళ్ళుగా. మీ అబ్బాయి మీతో అబద్ధం చెప్పాడు."

సీతారాం చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. "రోజూనా?"

"రోజూ. మీరు మొన్న రెండు ట్రేలలో పోసినవి మాత్రం ప్రాణంతోనే లోపలికి వెళ్ళాయి. కప్పు దాకా పాకి చచ్చాయి."

ఆయన కాదనలేదు. ఎంతకీ కొడుకు మొహమే చూస్తున్నాడు. ప్రేమ్‌రాజ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "సేట్ సాబ్, మీ కొడుకు ఫోన్ల చూస్తే దొరుకుతది. మొన్న సాయంత్రం మీకు ఎన్నింటికి చేసిండు?"

"ఆరూ ఇరవై ఐదుకు," అన్నాడు సీతారాం. అబద్ధం ఆయన నోటికి అలవాటులేదు. "కానీ వాని తప్పేం లేదు. అన్నీ నేనే చేసిన. నా పేరు రాసుకోండ్రి."

"బాపూ, ఊకో," అన్నాడు అక్షయ్.

"నువ్వు ఊకో. ఇన్నొద్దులు నువ్వు మాట్లాడింది చాలు." ఆ ఒక్క మాటకి కుర్రాడు బల్ల పక్కన కూలబడ్డాడు. ముసలాయన హైమవతి వైపు తిరిగాడు. "ఆ పిల్లగాడు ట్రాఫిక్‌ల ఇరుక్కొని ఆరింటికి వచ్చిండంట. ఏదో కాయితం పట్టుకొని లొల్లి పెట్టిండు. వీడు తోసిండు. కాటా మూలకు తల తగిలింది, పడిపోయిండు. నేను ఏడింటికి రెండు నిమిషాల ముందు వచ్చిన. వీడు గజగజ వణుకుతుండు. వచ్చేటాయన కోసం ఎయిర్‌పోర్ట్‌కు పో, మామూలుగ ఉండు అని తరిమిన. ఇది నేను చూసుకుంటనన్న."

"ఎలా చూసుకున్నారు?"

"పోయినోడు ఎట్లనూ పోయిండు. ఉన్నోన్ని బతికిచ్చుకోవాలె గద." ఆయన గొంతు సరుకు రకం చెప్పినంత మామూలుగా ఉంది. "మిషిన్ బంద్ చేసిన. లోపల పండబెట్టిన. ట్రేలు పడిపోతే కడిగిన, మళ్ళ నింపిన. తలుపేసి మిషిన్ వేసిన. లోపల చిక్కుకొని ఊపిరాడక పోయిండని అందరు అనుకోవాలె, గంతే. పోలీసోళ్ళు గట్లనే అనుకున్నరు."

"లక్ష్మయ్య సంగతి?"

మొదటిసారి ఆయన చూపు దించాడు. "వాడు ఒప్పుకుంటడని నేను అనుకోలే అమ్మా. పుష్పమ్మకు నెలనెలా పంపిద్దామనుకున్న."

హైమవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒక మనిషి తనే హంతకుణ్ణని నిన్నట్నుంచీ మెతుకు ముట్టలేదు. మీరు నెలజీతం లెక్కేశారు."

సీతారాం ఏదో అనబోయాడు. ప్రేమ్‌రాజ్ ఫోన్ మోగింది. పేరు చూసి లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. "చెప్పుండ్రి డాక్టర్ సాబ్." అటువైపు మాట చివరిదాకా విన్నాడు. ఒకసారి మాత్రం "పక్కానా?" అన్నాడు. తిరిగి వచ్చినప్పుడు మనిషి మారిపోయి ఉన్నాడు. కుర్చీలో కూర్చోలేదు.

"పోస్ట్‌మార్టం అయింది మేడం. తలకాయ మీది దెబ్బ చిన్నదంట. పుర్రె పగల్లే, లోపల రక్తం గడ్డ లేదు. దాంతోని మనిషి చావడంట. వట్టిగ తెలివి తప్పుంటదంట."

సీతారాం గబుక్కున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "అంటే మావోడు చంపలే?"

"చంపలేదు," అన్నాడు ప్రేమ్‌రాజ్.

"చంపలే! అక్షయ్, ఇన్నవా? నువ్వు చంపలే బేటా!" ముసలాయన వంగి కొడుకు తల రెండు చేతులా పట్టుకుని గుండెకి అదుముకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. రెండు రోజులుగా మోస్తున్న బరువు దిగినవాడి సంతోషం. అక్షయ్ మాత్రం తండ్రి చేతుల్లో బిగుసుకుపోయి ఉన్నాడు. అతనికి ముందే అర్థమైంది.

హైమవతి అడగదలుచుకోలేదు. కానీ ఎవరో ఒకరు అడగాలి. "మరి ఎలా చనిపోయాడన్నారు?"

"వేడికి. గాలాడక." ప్రేమ్‌రాజ్ గొంతు తగ్గించాడు. "గోళ్ళ కింద రబ్బరు తుంపులున్నయంట మేడం. తలుపు అంచుది. తెలివి వచ్చినంక మస్తుసేపు గీకిండంట. అర్ధగంట పైననే బతికున్నడు అంటున్నడు."

కొడుకు తల మీది చేతుల్ని సీతారాం మెల్లగా తీసుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాల్లోనే ఉంచాడు. మొహంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది, అది చూడటం మరీ కష్టమైంది.

"మీరు తలుపేశాక ఇక్కడ ఎంతసేపున్నారు?" అంది హైమవతి.

"ఫ్లోర్ కడిగిన." ఆయన మాట నోట్లోనే ఉంది. "ముప్పావుగంట."

"ఏమీ వినబడలేదా?"

ఆయన ఎవరితోనూ మాట్లాడుతున్నట్టు లేడు.

"లోపల టకటకమన్నది. మిషిన్ చప్పుడనుకున్న. పురుగులు ఎండుతున్నయేమో అనుకున్న. జల్ది అయిపోవాలని వేడి ఇంకింత పెంచిన."

ప్రేమ్‌రాజ్ పెన్ను తెరిచే ఉంది. ఆ మాట రాసుకోవడానికి అతనికి చెయ్యి ఆడలేదు.